కల్లంలోని మిర్చికీ బీమా రక్షణ కల్పించండి: వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. పంటల బీమా అమలులో మిర్చికి ఎలాంటి నిబంధనలు ఉండాలో వరంగల్ జిల్లా నర్సంపేట ప్రాంత మిర్చి రైతుగా మీకు మనవి చేసుకుంటున్నాను.

జులై, ఆగస్టుల్లో నారు పోస్తే చివరి విడత కాయ ఏరేసరికి మార్చి, ఏప్రిల్ వస్తుంది. అంటే మిర్చి మూడు కాలాలనూ తట్టుకొని నిలబడాలి. నాటిన కొత్తలో నల్లరేగడిలో నీరు నిలిస్తే వేర్లకు గాలి అందక మొక్క వడలిపోతుంది. పూత దశలో రాత్రివేళ వేడి తగ్గకపోతే పూత రాలిపోతుంది. 2021లో నల్ల తామర పురుగు పువ్వుల్లో చేరి కాయ పట్టనివ్వలేదు. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే, 2022 జనవరిలో నర్సంపేట, పరకాల ప్రాంతాల్లో కురిసిన వడగండ్ల వాన ఎర్రబడుతున్న కాయను నేలపాలు చేసింది.

ఇవన్నీ చేనులో కంటికి కనిపించే నష్టాలు. కల్లంలో జరిగే నష్టం మాత్రం ఏ లెక్కలోకీ రావడం లేదు. ఏరిన కాయను పది పదిహేను రోజులు ఎండలో తిరగేస్తూ ఆరబెడితేనే తేమ పది శాతం దరిదాపులకు దిగుతుంది. ఆ రోజుల్లో అర్ధరాత్రి చినుకు పడితే ఇంటిల్లిపాదీ పరదాలు పట్టుకొని పరుగెత్తుతాం. పైన ఎంత కప్పినా అడుగు నుంచి నీరు చేరుతుంది. తెల్లవారి పరదా తీస్తే కాయ ఉక్కకు మెత్తబడి చేతికి వెచ్చగా తగులుతుంది. మరో రెండు రోజులు మబ్బు విడవకపోతే బూజు పట్టి తోలు మీద తెల్ల మచ్చలు తేలుతాయి. అప్పుడు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో దాన్ని తాలు (రంగు చెడిన నాసిరకం కాయ) కింద జమకట్టి ధర తెగ్గోస్తారు. తూకం పెద్దగా తగ్గదు గనుక దిగుబడి పోయినట్టు ఎవరూ రాసుకోరు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాట మిర్చికి రంగే ప్రాణం. ఆ రంగు ఒక్క వానకు పోతోంది.

2020లో రాష్ట్రం కేంద్ర ఫసల్ బీమా పథకం నుంచి వైదొలిగింది. తిరిగి చేరుతామని 2024లో ప్రభుత్వం ప్రకటించినప్పుడు మాకు ధైర్యం కలిగింది. కోసి పొలంలో ఆరబెట్టిన పంటకు తుపాను, అకాల వర్షం, వడగండ్ల వల్ల కలిగే నష్టానికి ఆ పథకంలో 14 రోజుల వరకు రక్షణ ఉంది. మిర్చిని వాతావరణ ఆధారిత బీమా (వాన, వేడి వంటి లెక్కలను బట్టి పరిహారం ఇచ్చే పద్ధతి) కిందికి తెచ్చినా ఈ రక్షణ చేజారకుండా చూడాలి. మిర్చిని విడతలుగా ఏరుతాం గనుక ఆ 14 రోజులను ప్రతి విడతకూ విడిగా లెక్కించాలి.

వర్షపాతాన్ని సీజన్ మొత్తానికి కలిపి చూస్తే మాకు న్యాయం జరగదు. ఆగస్టులో మేలు చేసే వానే ఫిబ్రవరిలో కల్లాన్ని ముంచుతుంది. మండలాల్లో ప్రభుత్వం నెలకొల్పిన స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు రోజువారీ లెక్కలు ఇస్తూనే ఉన్నాయి; 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 64 సెంటీమీటర్లకు పైగా వాన పడిందని లోకానికి తెలిసింది ఇలాంటి నమోదు వల్లనే. ఆ లెక్కలనే పంట దశల వారీగా పరిహారానికి ఆధారం చేయండి. వడగండ్లు ఒక ఊరిని కొట్టి పక్క ఊరిని వదిలేస్తాయి గనుక వాటికి మాత్రం చేను చేనుకూ పరిశీలన తప్పనిసరి చేయాలి.

ఈ నిబంధనలను మేము నారు పోయకముందే, జూన్ నెలలోనే, ప్రతి గ్రామ పంచాయతీలో తెలుగులో ప్రకటించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మిర్చి రైతు,
నర్సంపేట ప్రాంతం, వరంగల్ జిల్లా