బావగారికి: సోషల్ మీడియా మార్కెటింగ్‌లో మొదటి పుస్తకం గురించి

గౌరవనీయులైన బావగారికి నమస్కారాలు.

మీ సంస్థ సోషల్ మీడియా ప్రచార బాధ్యతను మీకు అప్పగించిందని, ఆ విషయాన్ని మొదటినుంచి నేర్పే పుస్తకం చెప్పమని రాశారు. ఇక్కడ నా ఉద్యోగం అదే కనుక, ఒక పేరు చెప్పి ఊరుకోకుండా, పుస్తకాన్ని ఎంచుకునే పద్ధతి కూడా వివరంగా రాస్తున్నాను.

పుస్తకం చేతికి రాగానే విషయసూచిక చూడండి. ఫేస్‌బుక్‌కు ఒక అధ్యాయం, ఇన్‌స్టాగ్రామ్‌కు ఒకటి చొప్పున, ఎక్కడ ఏ బటన్ నొక్కాలో చెబుతూ పోయే పుస్తకానికి ఆయుష్షు తక్కువ. 2011లో గూగుల్ సంస్థ సొంత సోషల్ నెట్‌వర్క్ గూగుల్ ప్లస్ వచ్చినప్పుడు దాని మీద పుస్తకాలే వెలువడ్డాయి. 2019 ఏప్రిల్‌లో సాధారణ వినియోగదారులకు అది మూతపడింది. ట్విటర్‌లో 140 అక్షరాలకు కుదించి రాయడం నేర్పిన పాఠాలు 2017లో ఆ పరిమితి 280కి పెరగడంతో పాతబడ్డాయి. ఇవైనా పైకి కనిపించే మార్పులు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన న్యూస్ ఫీడ్‌లో స్నేహితుల, కుటుంబసభ్యుల పోస్టులకు ప్రాధాన్యం పెంచి, వ్యాపార పేజీల పోస్టులను వెనక్కి నెట్టింది. పేజీని లైక్ చేసినవారందరికీ మన మాట ఖర్చు లేకుండా చేరుతుందన్న ధీమా ఏ పుస్తకంలోనైనా కనిపిస్తే, ఆ భాగాన్ని చరిత్రగా మాత్రమే చదవండి.

అలాగని పాత పుస్తకాలన్నీ పక్కన పెట్టవలసినవి కావు. షార్లీన్ లీ, జోష్ బెర్నాఫ్ 2008లో రాసిన ‘గ్రౌండ్‌స్వెల్’‌తోనే మొదలుపెట్టమని నా సలహా. ఉదాహరణలు పాతవే అయినా, ఆలోచనకు వారు వేసిన క్రమం నేటికీ చెక్కుచెదరలేదు: ముందు మన కొనుగోలుదారులెవరో, వాళ్లు ఆన్‌లైన్‌లో ఏం చేస్తారో తెలుసుకోవాలి, తరువాత మన లక్ష్యం, ఆపైన దానికి తగిన వ్యూహం, అన్నిటికన్నా చివర సాధనం ఎంపిక. చాలా సంస్థలు ముందు ఖాతా తెరిచి, అందులో ఏం పెట్టాలా అని ఆ తరువాత వెతుక్కుంటాయి. మీరు అమ్మేది ఇతర సంస్థలకు కనుక, ఈ క్రమంలో ఆలోచిస్తే, ఉద్యోగ, వ్యాపార పరిచయాల వేదిక అయిన లింక్డిన్‌కు ఎంత సమయం ఇవ్వాలో, ఇన్‌స్టాగ్రామ్ అసలు అవసరమో కాదో మీకే తేలుతుంది.

దానితోపాటు ఈ మధ్యకాలంలో వచ్చిన పరిచయ గ్రంథం ఒకటి తీసుకుని, కొలతల అధ్యాయాన్ని ముందుగా చదవండి. ఒక ప్రకటనను పదివేల మంది చూశారని, రెండువందల మంది లైక్ కొట్టారని, నలుగురు మాత్రం ధర వివరాలు అడిగారని అనుకుందాం. మొదటిది రీచ్, రెండోది ఎంగేజ్‌మెంట్, మూడోది మీరు కోరుకున్న కన్వర్షన్. ఖర్చును ఆ నలుగురితో భాగించి చూడడం నేర్పని పుస్తకం, రేపు యాజమాన్యం లెక్క అడిగినప్పుడు మీకు ఏమాత్రం అక్కరకు రాదు. ఫాలోవర్ల సంఖ్యను వేగంగా పెంచుతామని అట్ట మీదే వాగ్దానం చేసే పుస్తకాలను నేను అసలు నమ్మను. ఆ ఫాలోవర్లు మనకు ఎంతవరకు అందుబాటులో ఉండాలో నిర్ణయించేది ఆ వేదికే కాబట్టి, ఇష్టపడి ఇచ్చినవారి ఈమెయిల్ చిరునామాల జాబితాను సొంతంగా పెంచుకోమని చెప్పే రచయిత మీ మేలు కోరినట్లు. అందరి ఎదుటా వచ్చిన ఫిర్యాదుకు ఎవరు, ఎంతసేపట్లో, ఎలా జవాబివ్వాలో చర్చించిన అధ్యాయం ఉంటే మరీ మంచిది. పరిచయ గ్రంథాల్లో ఎక్కువగా చిన్నచూపుకు గురయ్యేది ఆ భాగమే.

ప్రకటనలు పెట్టేటప్పుడు తెర మీద ఏది ఎక్కడ నొక్కాలో ఆ వివరాలకు అచ్చుపుస్తకం మీద ఆధారపడకండి. ఫేస్‌బుక్ యజమాని మెటా నడిపే శిక్షణ వేదిక మెటా బ్లూప్రింట్‌లోనూ, మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్ సంస్థ హబ్‌స్పాట్ నడిపే హబ్‌స్పాట్ అకాడమీలోనూ ఆ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి.

మీరు చూసిన పుస్తకాల విషయసూచికలు ఫొటో తీసి పంపండి. చదివి, ఏది కొనవచ్చో వెంటనే రాస్తాను. అక్కయ్యకు నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
మీ బావమరిది