రెండో సూపర్‌వైజర్ ఒక్కటే చాలదు

అయ్యా,
మాడ్యులర్ ఛాసిస్ స్విచ్ (స్లాట్లలో కార్డులు అమర్చుకునే పెద్ద నెట్‌వర్క్ పెట్టె) కొనేవాళ్లు దాన్ని నడిపించే సూపర్‌వైజర్ కార్డులు రెండున్నాయో లేదో చూసి ఊరుకుంటున్నారు. అసలు లెక్క కార్డుల మధ్య డేటా చేరవేసే ఫ్యాబ్రిక్ కార్డుల దగ్గరుంది. సెకనుకు 100 గిగాబిట్ల పోర్టులు 36 ఉన్న లైన్‌కార్డుకు (కేబుళ్లు తగిలించే కార్డు) సెకనుకు 3.6 టెరాబిట్లు కావాలి. 6 ఫ్యాబ్రిక్ కార్డులు ఆ స్లాటుకు తలా 600 గిగాబిట్లు ఇస్తే సరిగ్గా సరిపోతుంది. ఒకటి పాడైతే మిగిలేది 3 టెరాబిట్లే. పోర్టుల దీపాలన్నీ పచ్చగానే ఉంటాయి, రద్దీ వేళ మాత్రం ప్యాకెట్లు రాలిపోతాయి. ఒకటి పోయినా సరిపడేలా ముందే చూసుకోవాలి.

పవర్ సప్లైలు నాలుగూ ఒకే ఫీడ్‌కు (కరెంటు లైనుకు) తగిలిస్తే ప్రయోజనం లేదు. ఇటు రెండు, అటు రెండు ఉండాలి, ఒకవైపు పోయినా మిగిలిన రెండే పూర్తి లోడు మోయగలగాలి.

కార్డును బలవంతంగా తోయకండి. బ్యాక్‌ప్లేన్‌లో (కార్డులు వెళ్లి కలిసే లోపలి పలకలో) పిన్ను ఒక్కటి వంగినా ఆ స్లాటు పోయినట్టే. ఖాళీ స్లాట్లకు మూతలు బిగించండి, లేదంటే గాలి దారి తప్పి పక్క కార్డులు వేడెక్కుతాయి.

– ఒక నెట్‌వర్క్ ఇంజినీరు