చేతిలో డబ్బు లేకపోతే గుడికి రాకూడదా?

ఎడిటర్ గారికి,

మిర్చి ధర పడిపోయి కూలి పనులు దొరకని రోజుల్లో మా ఊళ్లో కొందరు ఆడవాళ్లు చర్చిలో ఆదివారం ఆరాధనకే రావడం మానేస్తున్నారు, కానుక సంచి తమ వరస దగ్గరికొచ్చేసరికి పది రూపాయలు కూడా లేక తల దించుకోవాల్సి వస్తుందని. చాలా బాధగా ఉంది. దశమభాగం (రాబడిలో పదో వంతు) అనగానే, దాన్ని దేవుని మందిరానికి తెమ్మనే బైబిల్ వచనం మలాకీ 3:10 చదువుతారు, మరి మూడో ఏట ఆ దశమభాగం పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాళ్లు తిని తృప్తి పొందాలన్న ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం ఎందుకు చదవరు? మిజోరంలో 1910 నుంచి ఆడవాళ్లు వంటకు ముందు పిడికెడు బియ్యం తీసిపెట్టి సంఘానికి ఇస్తున్నారు, అదీ కానుకే కదా. పాస్టర్లూ, దయచేసి సంచి తిప్పడం ఆపి గుమ్మం దగ్గర పెట్టె పెట్టండి, అందులో కొంత ఇల్లు గడవని విశ్వాసుల బియ్యానికి, పిల్లల ఫీజులకు ఇవ్వండి.

– ఒక సంఘ సభ్యురాలు, పల్నాడు జిల్లా