తిరిగొచ్చే ముందు లండన్‌లో చివరి వారం

సంపాదకులకు,

విదేశీ చదువుల గురించి మన పత్రికల్లో వచ్చేదంతా వెళ్లేవాళ్ల కోసమే. ఐఈఎల్‌టీఎస్ స్కోరు దగ్గర్నుంచి సూట్‌కేసులో కుక్కర్ ఎక్కడ సర్దాలన్నదాకా రాస్తారు. చదువు ముగించుకుని వచ్చేవాళ్ల సంగతి ఎవరికీ పట్టదు. లండన్‌లో ఏడాది మాస్టర్స్ చేసేవాళ్లలో చాలామందికి క్లాసు, షిఫ్టు, గది, ఇదే లోకం. ఊరు చూడటం "చివర్లో చూద్దాంలే" అని వాయిదా పడుతుంది. తీరా ఆ చివరి వారంలో డిపాజిట్ గొడవ, పరుపు ఎవరికివ్వాలన్న గొడవ, పెట్టె బరువు గొడవ ఒకేసారి మీద పడతాయి. కాగితాల పని నాలుగు వారాల ముందే మొదలుపెడితే ఆ వారం ఊరికి మిగులుతుంది. కాకపోతే వరుస తప్పకూడదు.

అన్నిటికంటే ముందు ఫోన్ నంబరు. బ్రిటన్ వీసా ఇప్పుడు ప్లాస్టిక్ కార్డు కాదు, ఆన్‌లైన్ ఖాతా. ఆ ఖాతాకూ బ్యాంకు యాప్‌కూ కోడ్‌లు వచ్చేది అక్కడి సిమ్‌కే. నెలవారీ ప్లాన్ రద్దు చేస్తే నంబరు పోతుంది, దాంతోపాటు ఖాతాల్లోకి దారీ పోతుంది. అదే నంబరును పే యాజ్ యు గో (వాడినంతకే డబ్బు కట్టే పద్ధతి)కు మార్చుకుని, వీసా ఖాతాలో ఇండియా నంబరూ సొంత ఈమెయిలూ పెట్టుకోవాలి. యూనివర్సిటీ ఈమెయిల్‌ను కొన్నాళ్లకు మూసేస్తారు కాబట్టి దాంతో తెరిచిన ఖాతాలన్నీ ముందే మార్చుకోవాలి. డిపాజిట్, పన్ను వాపసు చేతికందేదాకా బ్యాంకు ఖాతా మూయకూడదు. ఇంకొన్నాళ్లుండి ఉద్యోగం వెతుక్కుందాం అనుకునేవాళ్లకు ఒక్క మాట: గ్రాడ్యుయేట్ వీసాకు బ్రిటన్‌లో ఉండగానే, ఉన్న వీసా గడువు తీరకముందే, కోర్సు పూర్తయిందని యూనివర్సిటీ హోం ఆఫీసుకు (వీసాలు చూసే బ్రిటన్ ప్రభుత్వ శాఖ) తెలియజేశాక దరఖాస్తు చేయాలి. ఇంటికొచ్చేసి ఇక్కణ్నుంచి పెట్టడం కుదరదు.

ఇక డిపాజిట్. ఇంగ్లండ్‌లో 2019 నాటి చట్టం ప్రకారం మామూలు అద్దె ఇళ్లకు అయిదు వారాల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదు. తీసుకున్న సొమ్మును యజమాని 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన మూడు పథకాల్లో ఒకదాని కింద భద్రపరచాలి. ఏ పథకమో, రిఫరెన్స్ నంబరు ఎంతో ఇప్పుడే వెతికి పెట్టుకోవాలి. ఒప్పందంలో పేరు లేకుండా, అసలు అద్దెదారు చేతిలో నగదు పెట్టి గదిలో చేరినవాళ్లకు ఈ రక్షణ దొరకడం కష్టం. మనవాళ్లలో అలా చేరేవాళ్లు తక్కువేం కాదు. వాళ్లు లెక్క అక్కడ ఉండగానే తేల్చుకోవాలి, విమానం ఎక్కాక అడిగినా పలికేవాళ్లుండరు.

డిపాజిట్‌లో కోత ఎక్కువగా పడేది శుభ్రత దగ్గరే. ఇల్లు చేరినప్పుడు ఎంత శుభ్రంగా ఉందో అంత శుభ్రంగా అప్పజెప్పాలి. అంతేగానీ క్లీనింగ్ కంపెనీకి డబ్బు కట్టి తీరాలని యజమాని పట్టుబట్టకూడదు, ఇదీ అదే చట్టంలో ఉంది. పొయ్యి తుడిస్తే వంటగది అయిపోయిందనుకుంటారు. మన తాలింపుల నూనె అసలు పట్టేది పొయ్యి మీద ఉండే హుడ్ జాలీకి. దాన్ని ఊడదీసి, వేడినీళ్లలో గిన్నెలు తోమే ద్రవం కలిపి గంటసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. ఓవెన్ కమ్మీలను ముందురోజు రాత్రే నానేయాలి. ఓవెన్ క్లీనర్ చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి గ్లౌజులు వేసుకుని, కిటికీ తెరిచి వాడాలి. ఫ్రీజర్‌ను ఒకరోజు ముందే ఆపి, కింద తువ్వాలు పరిచి తలుపు తెరిచి ఉంచాలి. మంచును చాకుతో పొడిస్తే లోపలి గొట్టం చిల్లు పడుతుంది, అప్పుడు కొత్త ఫ్రిజ్ డబ్బే అడుగుతారు. లండన్ నీళ్లలో సున్నం ఎక్కువ. షవర్ తలకు తెల్లగా పేరుకున్న పొర సబ్బుతో పోదు. ప్లాస్టిక్ సంచిలో వెనిగర్ పోసి షవర్ తల మునిగేలా కట్టి, కొన్ని గంటలు వదిలేస్తే దానంతటదే ఊడుతుంది. తెల్ల గట్టు మీది పసుపు మరకకు వంటసోడా ముద్ద, ఆ తర్వాత కిటికీ ఎండ. గోడమీద బూజు మరకలుంటే చివరిరోజు తుడిచి దాచడం కాదు, కనబడినప్పుడే యజమానికి ఈమెయిల్ పెట్టి ఉండాలి. ఆ మెయిలే రేపు సాక్ష్యం.

ఖాళీ చేసే రోజు సామానంతా బయటికి చేర్చాక ప్రతి గదినీ వీడియో తీయాలి. కరెంటు, గ్యాస్ మీటర్ల అంకెలు ఫొటో తీయాలి. తాళాలు ఎవరి చేతికిచ్చారో వాళ్లతో ఒక మెసేజ్ పెట్టించుకోవాలి. వాడుకలో వచ్చే అరుగుదలకు డబ్బు కోయకూడదు. కోస్తే నష్టం జరిగిందని చూపాల్సింది యజమానే. ఎంత వెనక్కివ్వాలో ఇద్దరూ ఒప్పుకున్నాక పది రోజుల్లో సొమ్ము రావాలి. ఒప్పందం కుదరకపోతే ఆ పథకం వాళ్లే ఉచితంగా తీర్పు చెబుతారు, ఇండియా వచ్చాక కూడా ఆన్‌లైన్‌లో నడపొచ్చు. పరుపు, సోఫా వీధిలో వదిలేస్తే జరిమానా. చారిటీ దుకాణాలు తీసుకుంటాయి కానీ అగ్నిభద్రత లేబుల్ ఉంటేనే. అందంగా లేదని ఆ లేబుల్ కత్తిరించి పారేసినవాళ్ల సోఫా ఎవరికీ అక్కర్లేదు.

మిగతా కాగితాలు తొందరగా తెమిలేవే. కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద స్థానిక సంస్థ వేసే పన్ను) నుంచి విద్యార్థులకుండే మినహాయింపు కోర్సు ముగింపు తేదీ దాకానే, వీసా ముగింపు తేదీ దాకా కాదు. ఇల్లు వదిలే తేదీ కౌన్సిల్‌కు చెప్పాలి. పార్ట్‌టైమ్ ఉద్యోగం మానేటప్పుడు పీ45 (జీతం, కోసిన పన్ను వివరాలుండే కాగితం) అడిగి తీసుకోవాలి. అక్కడ పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవుతుంది, 12,570 పౌండ్ల దాకా ఆదాయ పన్ను లేదు. మధ్యలో దేశం విడిచేవాళ్ల దగ్గర ఎక్కువ కోసి ఉంటే, దేశం విడుస్తున్నామని పన్ను శాఖకు చెప్పే పీ85 ఫారంతో వెనక్కొస్తుంది. నేషనల్ ఇన్సూరెన్స్ (పింఛను లాంటి వాటికోసం జీతంలోంచి కోసే చందా) కింద కోసినదాని మీద ఆశ పెట్టుకోవద్దు. డిగ్రీ కాగితం చాలాచోట్ల కొన్ని నెలల తర్వాతే వస్తుంది కాబట్టి ఇండియా చిరునామా ఇచ్చి, పేరును పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న చిక్కు మన తెలుగువాళ్లకు ఎలాగూ తప్పదు.

ఇవి ముగిస్తే ఊరు మీది. తిరగడానికి ఫోను ఆనించి గేటు దాటే అలవాటు మానాలి. 16-25 రైల్‌కార్డు (యువతకు రైలు ఛార్జీల్లో తగ్గింపు ఇచ్చే కార్డు) ఉంటే స్టేషన్ సిబ్బంది దాన్ని ఆయిస్టర్ కార్డుకు (లండన్ రైళ్లు, బస్సుల్లో వాడే ప్రయాణ కార్డు) జతచేస్తారు. రద్దీ లేని వేళల్లో ఛార్జీలో మూడోవంతు తగ్గుతుంది. ఫోనుకూ బ్యాంకు కార్డుకూ ఈ తగ్గింపు వర్తించదు. రద్దీ వేళలంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 6:30 నుంచి 9:30, సాయంత్రం 4 నుంచి 7. బస్సుకైతే మొదటిది ఎక్కిన గంటలోపు ఇంకెన్ని బస్సులు మారినా ఒకటే ఛార్జీ. పై అంతస్తు ముందు సీటు దొరికితే టూరిస్టు బస్సుకు డబ్బు తగలేయడం దండగ.

ఏం చూడాలన్నది ఎవరి ఇష్టం వారిది. మైనపు బొమ్మల పక్కన ఫొటో దిగాలనుకుంటే దిగొచ్చు. కానీ తెలుగువాళ్లు లండన్‌లో ఏడాదుండి బ్రిటిష్ మ్యూజియంలో 33ఏ గది చూడకుండా రావడం అన్యాయం. అమరావతి మహాస్తూపం శిల్పాలు అక్కడున్నాయి. మద్రాసులో పనిచేసిన బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించిన పలకలు మద్రాసులో ఎండకూ వానకూ పడి ఉండి, 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. 1880లో మ్యూజియానికి వచ్చాయి. పాలరాయి అని పిలుస్తారు గానీ అది పల్నాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ ఛాయ కనబడుతుంది. వాటిలో ఒక పలకను రెండు వైపులా చెక్కారు. ఒకవైపు క్రీస్తుపూర్వం నాటి శిల్పం: బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, చుట్టూ భక్తులు, బుద్ధుడి రూపం మాత్రం లేదు. కొన్ని శతాబ్దాల తర్వాత అదే రాయిని తిప్పి, రెండో వైపున స్తూపాన్ని మొత్తంగా చెక్కారు. ద్వారం దగ్గర సింహాలు, వేదిక మీద వరుసగా నిలిపిన అయిదు ఆయక స్తంభాలు ఉంటాయి. అమరావతిలో ఇప్పుడు మట్టిదిబ్బగా మిగిలినదాని అసలు రూపం ఎలా ఉండేదో ఈ రాతి మీద చూసి ఊహించుకోవచ్చు.

ప్రవేశం ఉచితం. వేళతో కూడిన టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకుంటే వరుస తగ్గుతుంది. ఉత్తరం వైపు మాంటేగ్ ప్లేస్ గేటు ఈ గదికి దగ్గర. శుక్రవారాల్లో మ్యూజియం రాత్రి 8:30 దాకా తెరిచి ఉన్నా అన్ని గదులూ తెరవరు, వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్లాలి. చక్రాల సూట్‌కేసుతో లోపలికి రానివ్వరు కాబట్టి విమానం రోజుకు ఈ పని పెట్టుకోవద్దు. కోహినూర్ చూడాలంటే టవర్ ఆఫ్ లండన్‌కు టికెట్ కొనాలి. తెరవగానే నేరుగా ఆభరణాల భవనానికి నడవాలి, మధ్యాహ్నమైతే వరుస చాంతాడంత. కిరీటాల ముందు కదిలే పట్టీ మీద నిలబడి చూడాలి, ఫొటోలు తీయనివ్వరు. అమరావతి రాళ్ల ముందైతే ఎంతసేపు నిలబడ్డా అడిగేవాళ్లు లేరు.

రెండో చోటు కెన్సల్ గ్రీన్ శ్మశానం. 1820లో కడపలో కొలువులో చేరి, వేమన పద్యాలు సేకరించి అచ్చువేయించి, నిఘంటువులు కూర్చిన సి.పి.బ్రౌన్ 1884 డిసెంబరు 12న లండన్‌లో చనిపోయారు. ఆయన సమాధి ఇక్కడే ఉంది. భూగర్భ రైలు బేకర్‌లూ లైన్‌లో కెన్సల్ గ్రీన్ స్టేషన్ దిగి కొద్ది దూరం నడవాలి. శ్మశానం 72 ఎకరాలు, చాలాచోట్ల గడ్డీ ముళ్లపొదలూ పెరిగి ఉంటాయి. పేరు చదువుకుంటూ వెతికితే పూట గడిచిపోతుంది తప్ప సమాధి దొరకదు. సమాధి నంబరు, అది ఉన్న చదరం ఏదో పనిరోజుల్లో కార్యాలయాన్ని ముందుగా అడిగి, మ్యాప్ మీద గుర్తుపెట్టుకుని వెళ్లాలి. తడి నేల, కాబట్టి మంచి బూట్లు.

అక్కణ్నుంచి బయటికొచ్చి లాడ్‌బ్రోక్ గ్రోవ్ వంతెన దగ్గర కాలువ ఒడ్డుకు దిగితే నడక దారి లిటిల్ వెనిస్ దాకా, ఆ తర్వాత 1820లో తెరిచిన రీజెంట్స్ కాలువ వెంట జూ పక్కనుంచి కామ్‌డెన్ దాకా తీసుకెళ్తుంది. మధ్యాహ్నమంతా పడుతుంది, ఖర్చు సున్నా. లిటిల్ వెనిస్ దాటగానే కాలువ సొరంగంలోకి పోతుంది, లోపల నడక దారి లేదు. మెట్లెక్కి వీధి మీదుగా నడిచి అవతల మళ్లీ దిగాలి. చాలామంది అక్కడే దారి అయిపోయిందనుకుని వెనక్కి తిరుగుతారు.

ఎత్తునుంచి ఊరు చూడాలంటే స్కై గార్డెన్ (ఆకాశహర్మ్యం పైనున్న తోట) ఉచితమే, కానీ టికెట్లు వారాల ముందే అయిపోతాయి. దొరక్కపోతే బాధ లేదు, గుట్టలెక్కి ఊరు చూసే పార్లమెంట్ హిల్‌కూ గ్రీనిచ్ పార్కుకూ టికెట్టే లేదు. జనవరిలో తిరిగొచ్చేవాళ్లు నాలుగింటికల్లా అక్కడుండాలి, ఆ తర్వాత చీకటే. థేమ్స్ నీరు తగ్గినప్పుడు ఒడ్డున దొరికే, ఒకప్పుడు పొగతాగడానికి వాడిన మట్టి గొట్టాల్లాంటివి జ్ఞాపకంగా ఏరుకోవడం అనుమతి పత్రం లేకుండా నేరం. పైగా లండన్ బ్రిడ్జి దగ్గర పోటుకూ పాటుకూ తేడా ఏడు మీటర్ల దాకా ఉంటుంది, దిగిన మెట్లు మునిగిపోతాయి.

చివరగా హీత్రూ. రెండు పెద్ద పెట్టెలతో పికడిలీ లైన్ ఎక్కాలంటే చాలా స్టేషన్లలో మెట్లే. ఎలిజబెత్ లైన్ ఖరీదు ఎక్కువైనా లిఫ్టులున్నాయి. టెర్మినల్ 4కూ 5కూ ఒకే రైలు వెళ్లదు, ఎక్కే ముందు రైలు ముందుభాగం మీది పేరు చూసుకోవాలి. పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. పెట్టె బరువు ముందురోజే తూచుకుంటే కౌంటర్ ముందు పచ్చడి సీసాలు తీసి పంచే అవస్థ తప్పుతుంది.

ఇలాంటి వివరాలను మీ విద్యా పేజీలో ఆగస్టులోనూ డిసెంబరులోనూ వేస్తే ఉపయోగం. సెప్టెంబరు చివర్లో వేస్తే అప్పటికే సగం మంది తాళాలు అప్పజెప్పేసి ఉంటారు.

ఇట్లు,
లండన్‌లో చదువు ముగించుకున్న కొందరు తెలుగు విద్యార్థులు