బందరు నుంచి బందరోడికి

ఒరేయ్ బందరోడా,

ఇవాళ నీ ఊళ్లో ఉన్నాన్రా. కోనేరు సెంటర్ దగ్గర ఒక లాడ్జి గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. మా ఆవిడా, పాపా పొద్దుటి నుంచి తిరిగి తిరిగి అలిసిపోయి పడుకున్నారు. నాకు మాత్రం నిద్ర రావట్లేదు. ఫోన్ చేద్దామంటే నీకక్కడ ఇప్పుడు ఆఫీసు టైము. అయినా ఇదంతా ఫోన్లో చెప్పేది కాదు.

సంక్రాంతికి బెజవాడలో మా తోడల్లుడి ఇంటికి వచ్చాం. పండగ అయ్యాక రెండు రోజులు సెలవు మిగిలింది. ఎక్కడికైనా వెళ్దామంది మా ఆవిడ. బందరు అన్నాను, ఇంకో ఊరి పేరు కూడా తోచలేదు. నాలుగేళ్లు హాస్టల్లో నీ పక్క మంచం మీద పడుకుని ఈ ఊరి గురించి విన్నాను కదా, ఇన్నేళ్లలో ఒక్కసారీ రాలేదు. నీకు గుర్తుందో లేదో, మొదటి సంవత్సరం నువ్వు 'మా ఊరి నుంచి సముద్రం పది పదకొండు కిలోమీటర్లు ఉంటుంది' అంటే, 'మరి అది సముద్రపు ఊరెట్లయితదిరా' అని నేను అడిగాను. ఆ తర్వాత నాలుగేళ్లూ రూములో అదే మాట. ఆ ప్రశ్నకి జవాబు ఇవాళ దొరికింది.

నిన్న సాయంత్రం రైల్లో వచ్చాం. గుడివాడ, పెడన, చిలకలపూడి, ఆఖరికి బందరు. అక్కడితో పట్టాలు అయిపోతాయి. హనుమకొండలో పుట్టినవాడికి రైలంటే ఎప్పుడూ ఇంకెక్కడికో పోతూనే ఉంటుంది. పట్టాలు ఆగిపోయిన చోట దిగి నిలబడితే ఒక్క క్షణం ఏదో గుబులుగా అనిపించింది.

తెల్లవారకముందే ఆటో మాట్లాడుకుని గిలకలదిండి హార్బర్‌కి వెళ్లాం. ఎంత సందడి! బోట్లు వచ్చి ఆగుతున్నాయి, గంపలు దింపుతున్నారు, అప్పుడే వేలంపాట మొదలైపోయింది. ఆడవాళ్లే ఎక్కువ. ఒకావిడ పాటదారుతో ఎంత గట్టిగా మాట్లాడిందంటే, పాప నా చెయ్యి పట్టుకుని 'కొట్టుకుంటారా నాన్నా' అని అడిగింది. పాట అయిపోగానే ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగారు. పండుగప్ప, చందువా, కాళ్లు పురికొసతో కట్టేసిన పీతలు చూపిస్తూ మా ఆవిడ ఒక్కొక్కటీ పేరు అడుగుతోంది, వాళ్లు ఓపిగ్గా చెబుతున్నారు. వండుకునే చోటు లేక ఏమీ కొనలేదు. ఆమెకి ఆ బెంగ ఇంకా తీరలేదు.

అక్కణ్ణుంచి బందరు కోట. ఆటో అతనికి మీ ఊరంటే ఎంత ప్రేమో! దారంతా చెబుతూనే ఉన్నాడు. పరాసుపేట, ఇంగ్లీషుపాలెం, వలందపాలెం. ఈ పేర్లు నీ నోట వందసార్లు విన్నాను గానీ ఒక్కసారీ ఆలోచించలేదురా. పరాసులంటే ఫ్రెంచివాళ్లు, వలందులంటే డచ్చివాళ్లు. 1611లో ఇంగ్లీషువాళ్ల ఓడ వచ్చేటప్పటికే డచ్చివాళ్లు ఇక్కడ వ్యాపారానికి కోఠీ పెట్టుకుని ఉన్నారు. గోల్కొండ నవాబులకి ఇదే పెద్ద రేవు. అన్ని సముద్రాలు దాటి వచ్చిన వాళ్ల పేర్లు ఇప్పుడు కూరగాయల బండి తిరిగే వీధులకి ఉన్నాయి. నువ్వు పుట్టినప్పటి నుంచీ వాటి మధ్యే తిరిగావు కాబట్టి నీకు వింతగా ఉండదు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది.

కోట అంటే మా ఓరుగల్లు కోటలాగా ఉంటుందనుకుని వెళ్లాను. మిగిలింది కొన్ని పాత కట్టడాలు, చుట్టూ తుమ్మ కంపలు. కాస్త అవతల డచ్చివాళ్ల సమాధులున్నాయి. నల్లటి రాతి పలకల మీద వాళ్ల వంశాల గుర్తులు, అంచుల వెంబడి అక్షరాలు. ఎంత శ్రద్ధగా చెక్కారో! పాప ఒక అక్షరం మీద వేలు పెట్టి నెమ్మదిగా తిప్పింది. మూడు వందల ఏళ్లు దాటినా ఆ గీత వేలికి తెలుస్తోంది.

అక్కడ నిలబడి ఉండగానే ఆటో అతను 1864 సంగతి ఎత్తాడు. ఆ ఏడాది నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చిందనీ, ముప్పై వేల మంది పోయారనీ పుస్తకాల్లో నేనూ చదివాను. కానీ ఆ నేల మీద నిలబడి వినడం వేరు. చుట్టూ చూస్తే ఎక్కడా ఒక మిట్ట లేదు, గుట్ట లేదు. కనుచూపు మేరా బల్లపరుపు. మా దగ్గర వాన ఎక్కువైతే గుట్ట ఎక్కుతాం. ఇక్కడ ఏం ఎక్కుతారు? అది అడిగితే అతను 'తాడిచెట్టు సార్' అన్నాడు. వాళ్ల నాన్నది దివిసీమ. 1977లో ఉప్పెన వచ్చినప్పుడు రాత్రంతా తాడిచెట్టు మట్టలు పట్టుకుని బతికాడట. ఇప్పటికీ గాలి గట్టిగా వీస్తే ఆయన లేచి కూర్చుంటాడట.

అప్పుడు నాకు నువ్వే కళ్లముందు మెదిలావు. 1996 నవంబరులో కోనసీమ తుపాను వచ్చిన రోజు. రేడియోలో వార్త విని నువ్వు మెస్సులో అన్నం వదిలేసి ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తావు. లైన్లు కలవట్లేదని చెప్పినా వినకుండా అక్కడే నిలబడ్డావు. 'కోనసీమ వేరు, మీ బందరు వేరు కదరా, ఎందుకంత టెన్షన్' అని మేమంతా నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను. నాకు అది బాగా గుర్తుంది. ఆ రాత్రి నువ్వు ఎవరితోనూ మాట్లాడలేదు. తప్పయిపోయిందిరా. ఇన్నేళ్లకి చెబుతున్నాను. సముద్రం మీ ఊరికి పదకొండు కిలోమీటర్లు కాదు, మీ ఇళ్లలోనే ఉంటుంది. ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది.

మధ్యాహ్నం తిరిగి ఊళ్లోకి వచ్చి భోంచేశాం. ఇక లడ్డు సంగతి. సెలవుల నుంచి వచ్చేటప్పుడు నువ్వు తెచ్చే డబ్బా రూములో ఒక్క రాత్రి కూడా మిగిలేది కాదు. కానీ దాన్ని తొక్కుడు లడ్డు అని ఎందుకంటారో నేనెప్పుడూ అడగలేదు. ఇవాళ ఒక కొట్టువాళ్లు దయతో లోపలికి రానిచ్చారు. శనగపిండి పూసలా వత్తి నేతిలో వేయిస్తారు. దాన్ని రోట్లో వేసి మెత్తగా దంచుతారు. ఆ పొడిని బెల్లం పాకంలో కలిపి, చల్లారాక నెయ్యి పోస్తూ మళ్లీ దంచుతారు. దంపుడంతా అక్కడే ఉంది. రోకలి పడ్డప్పుడల్లా యాలకుల వాసన మొహానికి కొడుతోంది. అక్కడే ఒక ముద్ద నా చేతిలో పెట్టారు, ఇంకా కాస్త వెచ్చగా ఉంది. నోట్లో వేసుకుంటే నమలాల్సిన పనే లేదు. హాస్టల్లో మనం తిన్నవి చల్లారిన లడ్లురా.

సాయంత్రానికి ముందే పెడన వెళ్లొచ్చాం. మా ఆవిడ అసలు బందరుకి ఒప్పుకున్నదే కలంకారీ కోసం. నేను చీరలు చూడ్డానికే అనుకున్నాను గానీ, ఒక అద్దకం షెడ్డులో గంటన్నర ఉండిపోయాం. గుడ్డని ముందు కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. షెడ్డు బయటి నుంచే ఆ పాలవాసన తెలుస్తుంది. నలుపుకి తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టిన నీళ్లు. ఎరుపుకి పటిక. ఒకాయన టేకు అచ్చు పటిక నీళ్లలో అద్ది గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతాడు. తీస్తే పువ్వు. పక్కనే ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. అతుకు ఎక్కడుందో వెతికినా కనబడదు. కానీ ఆ పువ్వు ఎర్రగా ఉండదురా! ఏదో వెలిసిపోయిన మరకలా ఉంటుంది. ఆరాక కాలవ నీళ్లలో ఉతికి, రంగునిచ్చే చెట్ల వేళ్లూ చెక్కలూ వేసిన రాగి కాగులో ఉడకబెడితే అప్పుడు పటిక తగిలిన చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది. తగలని చోట పట్టదు. కాగులోంచి కర్రతో ఒక తాను ఎత్తి చూపించారు. అప్పటిదాకా గుడ్డలో దాక్కున్న తీగలూ పువ్వులూ అన్నీ బయటికొచ్చేశాయి. మా ఆవిడ చప్పట్లు కొట్టింది.

ఆ చేత్తోనే మంగినపూడి. దారిలో చిలకలపూడి పాండురంగణ్ణి చూసుకున్నాం, దర్శనం తొందరగానే అయింది. కార్తీక పౌర్ణమికి సముద్రస్నానానికి జనం ఎలా వస్తారో నువ్వు చెప్పేవాడివి. ఇవాళ మాత్రం పెద్దగా ఎవరూ లేరు. ఇసుక తెల్లగా మెరుస్తుందనుకుంటే నేల నల్లగా, కాళ్లకి అంటుకునే రేగడిలా ఉంది. నీళ్లలోకి ఎంత దూరం నడిచినా మోకాళ్లు దాటలేదు. అల వచ్చినా చిన్నగా వచ్చి కాళ్ల చుట్టూ తిరిగి పోయింది. ఇంత మెత్తగా ఉండేదా, ఆ రాత్రి అంత పని చేసింది? చీకటి పడేదాకా అక్కడే నిలబడిపోయాను. కొత్త పోర్టు పనుల గురించి ఆటో అతను ఆశగా చెబుతున్నాడు, మళ్లీ ఓడలొస్తాయంటున్నాడు. రావాలని నేనూ గట్టిగా కోరుకున్నాను.

లడ్డు రెండు కిలోలు కట్టించాను. ఒక కిలో నీకు. మా తోడల్లుడి అమ్మాయి వచ్చే నెల డాలస్ వస్తోంది, తనతో పంపిస్తాను. మీవాడికి పెట్టు, ఎలా దంచుతారో కూడా చెప్పు.

ఇంకో మాట. పెడనలో ఆ పెద్దాయన పాపకి ఒక జేబురుమాలు ఇచ్చి నువ్వూ ఒక అచ్చు గుద్దమన్నాడు. భయపడుతూనే గుద్దింది. పువ్వు ఓ మూలకి కాస్త వంకరగా పడింది. 'ఇది బందరు బాబాయ్‌కి' అంది. రెండు మూడు రోజులు ఆరాక మిగతా తానులతో పాటు ఉడకబెట్టి ఉంచుతామన్నారు. మా తోడల్లుడు పనిమీద ఇటు వచ్చినప్పుడు తెస్తాడు, అదీ లడ్డుతో పాటే నీకు వస్తుంది. ఇప్పటికైతే అది తెల్ల గుడ్డ మీద చిన్న మరకే. ఎరుపు ఎలా పట్టిందో అందగానే ఫోటో తీసి పంపు, పాప రోజూ అడుగుతుంది.

నీ
ఓరుగల్లోడు