ఉష్గులి దారిలో ఆదుకున్న పెద్దాయనకు

జార్జియాలోని ఎగువ స్వానేతి ప్రాంతంలో, మెస్తియా నుంచి సుమారు 45 కిలోమీటర్ల దూరాన, ష్ఖారా శిఖరం నీడలో ఉన్న ఉష్గులికి వెళ్తుండగా మా వాహనం బురదలో కూరుకుపోయినప్పుడు, అడగకుండానే ఆగి, తాడు కట్టి బయటికి లాగిన పెద్దాయనకు మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను. ఆయన భాషలో మాకు వచ్చినది ‘మద్లోబా’ (ధన్యవాదాలు) అన్న ఒక్క మాటే. అదీ టిబిలిసిలో వైద్యవిద్య చదువుతున్న మా అమ్మాయి నేర్పినదే.

అంతటితో ఊరుకోక, 1996లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన, ఉష్గులిలోని చాజాషి పల్లెకు మమ్మల్ని వెంటబెట్టుకు వెళ్లి, మధ్యయుగాల నాటి రాతి బురుజులో నిచ్చెన పైకి లాగేసుకుంటే శత్రువు కింది అంతస్తులోనే ఎలా ఆగిపోయేవాడో సైగలతో, మంచి నటుడిలాగా, చూపించారు. డబ్బు ఇవ్వబోతే చేయి అడ్డుపెట్టారు. ఆ సంబరంలో ఆయన పేరు అడగడం మరిచిపోయాము.