కార్యదర్శి నివేదిక, 2025: శాలువా వద్దన్న ఆవిడ

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంక్రాంతి ముగ్గులు, మార్చి 30న విశ్వావసు నామ సంవత్సర ఉగాది, బతుకమ్మ, కార్తీక వనభోజనాలు అన్నీ జరిగాయి. బతుకమ్మకు తంగేడు పువ్వు డాలస్‌లో ఎక్కడ దొరుకుతుంది, బంతి, చామంతితోనే సరిపెట్టుకున్నాం. తెలుగు బడి ఆగకుండా నడిచింది. వీటి ఫొటోలు అందరూ చూసేశారు, జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. అందుకని నేను వాటి దగ్గర ఆగను. కార్యవర్గంలో ఈసారి అన్నిటికంటే ఎక్కువ చర్చ మన పిల్లలకు రోబో కోడింగ్ నేర్పే ఒకావిడ సన్మానం మీద నడిచింది. ఆ సంగతి రాస్తాను.

మన సంఘం తరఫున రెండు రోబోటిక్స్ టీములున్నాయని కొత్త సభ్యులకు తెలియకపోవచ్చు. డీన్ కామెన్ 1989లో మొదలుపెట్టిన 'ఫస్ట్' సంస్థ ఈ పోటీలు నడుపుతుంది. చిన్నపిల్లలు లెగో లీగ్‌లో ఉన్నారు, ఏడు నుంచి పన్నెండో తరగతి వరకు ఉన్నవాళ్లు టెక్ ఛాలెంజ్‌లో ఆడతారు. టెక్ ఛాలెంజ్ రోబో ఆట మొదట్లో పొడవు, వెడల్పు, ఎత్తు పద్దెనిమిదేసి అంగుళాల పెట్టెలో పట్టాలి. మొదటి 30 సెకన్లు పిల్లలు దాన్ని ముట్టుకోకూడదు, గేమ్‌ప్యాడ్ పట్టుకోకూడదు. ముందే రాసి పెట్టిన ప్రోగ్రామే దాన్ని నడపాలి. ఆ తర్వాత రెండు నిమిషాలు చేతులతో నడుపుకోవచ్చు. ఆ 30 సెకన్లే మాకు ప్రతిసారీ టెన్షన్.

మన దగ్గర ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లకు కరువా? ఉగాది సభలో కళ్లు మూసుకుని రాయి విసిరితే జావా డెవలపర్‌కే తగులుతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. మొదట్లో పోటీకి ముందురోజు రాత్రి ఎవరో ఒక నాన్నగారు కూర్చుని మొత్తం కోడ్ రాసేసేవారు. ఒప్పుకోవాలి, ఒక ఏడాది ఆ నాన్నగారిని నేనే. రోబో బాగానే తిరిగింది. తర్వాత జడ్జీలు పిల్లల్ని కూర్చోబెట్టి, ఇది ఇలా ఎందుకు మలుపు తిరుగుతోంది అని అడిగారు. మా అబ్బాయి నా వైపు చూశాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది.

మూడేళ్ల కిందట వచ్చారావిడ. నివేదికలో పేరు వేయొద్దని షరతు పెట్టారు కాబట్టి పిల్లలు పిలిచే పేరే నేనూ వాడతాను: కోడ్ ఆంటీ. పగలు కార్లలో ఉండే చిప్‌లకు ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. శనివారం మధ్యాహ్నం మా గ్యారేజీలో పిల్లలతో ఉంటారు. వచ్చిన మొదటి వారమే ఒక నియమం పెట్టారు. పెద్దవాళ్లెవరూ కీబోర్డు ముట్టుకోకూడదు, ఆవిడతో సహా. పిల్లల వెనక చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతారు. తప్పు కళ్ల ముందు కనిపిస్తున్నా చెప్పరు. చూస్తున్న మాకే చేతులు దురద పెడతాయి.

ఒకసారి రోబో గ్యారేజీలో సరిగ్గా గీత దగ్గర ఆగి, అరగంట తర్వాత గీతకు ముందే ఆగిపోయింది. పిల్లలు చక్రాలు విప్పారు, స్క్రూలు బిగించారు. ఆవిడ ఒక్క మాట అన్నారు: "బ్యాటరీ మార్చి చూడండి." నిండా చార్జ్ అయిన బ్యాటరీ పెడితే మళ్లీ గీత దాకా వెళ్లింది. అప్పటివరకు పిల్లల కోడ్ "రెండు సెకన్లు ముందుకు వెళ్లు" అని చెబుతోంది. బ్యాటరీ నీరసిస్తే మోటారు మెల్లగా తిరుగుతుంది, అదే రెండు సెకన్లలో తక్కువ దూరం పోతుంది. సెకన్లు కాదు, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టాలని పిల్లలే కనిపెట్టారు. ఆ లెక్క చెప్పే ఎన్‌కోడర్ మోటారులో మొదటినుంచీ ఉంది. దాన్ని ఎవరూ అడగలేదంతే.

తర్వాత ఇంకో తంటా. గీత దాటిపోవడం, వెనక్కి రావడం, మళ్లీ దాటడం. ఆ రోజు ఆవిడ మా వంటింట్లోకి తీసుకెళ్లి దోసె పెనం పెట్టించారు. పెనం ఎక్కువ కాలితే నీళ్లు చల్లుతాం, చల్లారితే మంట పెంచుతాం, మళ్లీ మాడుతుంది. మంటను ఒకేసారి ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పితే ఇంతే. కావలసిన వేడికి దగ్గరపడే కొద్దీ కొంచెం కొంచెంగా తగ్గించాలి. రోబో గమ్యానికి ఎంత దూరంలో ఉందో చూసి మోటారు జోరు సర్దే పద్ధతిని పీఐడీ కంట్రోల్ అంటారు, అందులో 'పీ' అంటే ఆ పిల్లలకు ఇప్పుడు దోసె. మా ఇంట్లో పిండి ఆ వారానికి అయిపోయింది.

సభ్యులు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకునే ముచ్చట రెండేళ్ల కిందటిది. కోడ్ అంతా ఒక్క అబ్బాయి లాప్‌టాప్‌లోనే ఉంది. ఆ కుటుంబం డిసెంబరు సెలవులకు తెనాలి వెళ్లింది. లాప్‌టాప్ కూడా వెళ్లింది. పోటీ వారంలో ఉంది. ఇక్కడ శుక్రవారం రాత్రి తొమ్మిది, అక్కడ శనివారం పొద్దున ఎనిమిదిన్నర. ఫోన్ చేస్తే అమ్మమ్మగారు ఎత్తి, "వాడింకా లేవలేదమ్మా, పడుకోనీ" అన్నారు. అందరం గోల చేస్తుంటే కోడ్ ఆంటీ మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. అబ్బాయి లేచి ఫైళ్లు పంపాడు. సెలవుల తర్వాత మొదటి శనివారం అంతా, కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్ అనే సాధనం ఎలా వాడాలో నేర్పడానికే పోయింది. ఇప్పుడు ఎవరు ఏ రోజు ఏ వరుస మార్చారో అందరికీ కనిపిస్తుంది. దాంతో ఇంకో లాభం: నాన్నగార్లు రాత్రిపూట దొంగతనంగా మార్చినా తెలిసిపోతుంది.

సెప్టెంబరులో మొదలైన ఈ సీజన్ ఆట 'డీకోడ్'. ఊదా, ఆకుపచ్చ బంతులు మూడింటిని ఏ వరుసలో పేర్చాలో మైదానం పక్కన నిలబెట్టిన ఒక స్తంభం మీది గుర్తు చెబుతుంది. ప్రతి మ్యాచ్‌కూ ఆ గుర్తును చీటీ తీసినట్టు మారుస్తారు, రోబో కెమెరాతో చదువుకోవాలి. మా గ్యారేజీలో ప్రతిసారీ చదివింది. స్కూల్ జిమ్ లైట్ల కింద, రోబో కదులుతుంటే, గుడ్డిదైపోయింది. కెమెరా ఎక్స్‌పోజర్ (వెలుతురు తీసుకునే సమయం) తగ్గించి, గెయిన్ (బొమ్మ వెలుగు పెంచే సెట్టింగు) పెంచితే బొమ్మ అలుక్కుపోకుండా నిలుస్తుందని ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి వెతికి పట్టుకుంది. అప్పుడు ఆవిడ ముఖం చూడాలి.

ప్రోగ్రామర్లు బల్ల మీద రబ్బరు బాతు పెట్టుకుని, తమ కోడ్‌ను దానికి వరుస వరుసగా వివరిస్తారు. చెబుతుండగానే తప్పు దొరుకుతుంది. ఆవిడ బాతుకు బదులు కొండపల్లి అంబారీ ఏనుగును తెచ్చి పెట్టారు. ఏనుగుకు తెలుగే వచ్చు, కాబట్టి తెలుగులోనే చెప్పాలి. "సెన్సర్ దగ్గర వస్తువు ఉందనుకో, అప్పుడు చెయ్యి మూసుకోవాలి, లేదంటే అలాగే ఉండాలి" అని ఒక పిల్లవాడు బొమ్మతో మాట్లాడుతుంటే తెలుగు బడి టీచరుగారు వచ్చి విని, మా క్లాసులో వీడు ఇంత మాట్లాడడు అన్నారు.

ఏప్రిల్‌లో హ్యూస్టన్‌లో జరిగిన ప్రపంచ పోటీలకు మా పిల్లలు అర్హత సాధించలేదు. చూడటానికి ప్రవేశం ఉచితం, నాలుగు గంటల ప్రయాణం, కాబట్టి రెండు వ్యాన్లలో వెళ్లి వచ్చారు.

ఇక సన్మానం సంగతి. టెక్ ఛాలెంజ్‌లో మెంటర్లకు 'కంపాస్' అనే అవార్డు ఉంది. పెద్దవాళ్లు సిఫారసు చేయడానికి లేదు, పిల్లలే 40 నుంచి 60 సెకన్ల వీడియో తీసి పంపాలి. మావాళ్లు ఆవిడకు తెలియకుండా తీశారు. వీడియో అంతా వెనక్కి కట్టుకున్న ఆవిడ చేతులే కనిపిస్తాయి. అవార్డు రాలేదు. నాకైతే అది వీడియో చూసినవాళ్ల నష్టం అనిపించింది, పక్షపాతం అనుకుంటే అనుకోండి.

అమెరికా అధ్యక్షుడి పేరు మీద ఇచ్చే స్వచ్ఛంద సేవా పురస్కారానికి పంపుదామని కొందరన్నారు. పెద్దవాళ్లకు ఏడాదిలో 100 గంటలకు కాంస్యం, 250కి రజతం, 500కి స్వర్ణం. ఆవిడ గంటలకు లోటు లేదు. కానీ దానికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. ఆవిడ హెచ్-1బీ మీద ఉన్నారు, వరుసలో ఎన్నాళ్ల నుంచి నిలబడ్డారో మనలో చాలామందికి వేరే చెప్పక్కర్లేదు. పైగా ఈ ఏడాది ఆ కార్యక్రమమే ఆగిపోయింది. మన సంఘంలో వారాంతాలు ధారపోసేవాళ్లలో ఇలాంటివారు ఎందరున్నారో ఒకసారి లెక్క చూసుకోవాలి.

మనమే చేద్దామంటే కార్యవర్గంలో ఒకరు, "కోడింగే కదా, అందరం చేసే పనేగా" అన్నారు. చేస్తాం, నిజమే. జీతానికి. ఇంకొకరు, వేదిక మీద శాలువాలు విరాళాలిచ్చినవారికి వేయడం ఆనవాయితీ అని గుర్తు చేశారు. మూడు సమావేశాలు పట్టింది. చివరికి ఓటు వేసి దీపావళి సభలో సన్మానించాలని తీర్మానించాం.

చెప్పడానికి వెళ్తే ఆవిడ శాలువా వద్దు, ఆ డబ్బుతో రెండు బ్యాటరీలు, ఒక వెబ్‌క్యామ్ కొనండి అన్నారు. శాలువా లేని సన్మానం ఏం సన్మానమని అధ్యక్షులవారు పట్టుబట్టారు. రెండూ చేశాం. వేదిక మీద ఆవిడ ఒక్క నిమిషం మాట్లాడారు, అందులో సగం పిల్లల పేర్లే. ఆ పట్టు శాలువా ఇప్పుడు గ్యారేజీలో దుమ్ము పడకుండా రోబో మీద కప్పి ఉంది. అధ్యక్షులవారు మొన్న వచ్చి చూశారు, ఏమీ అనలేదు.

సభ్యులకు రెండు మనవులు. ఆవిడ పక్కన నిలబడి ఈ పద్ధతి నేర్చుకునే ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. జావా రాకపోయినా ఫరవాలేదు, కీబోర్డు జోలికి పోకుండా ఉండగలిగితే చాలు. పిల్లలతో పని కాబట్టి ఫస్ట్ సంస్థ నేపథ్య తనిఖీ చేస్తుంది, ఆ ఫారం నా దగ్గర తీసుకోండి.

రెండోది, కొండపల్లి ఏనుగు తొండం విరిగింది. జిగురుతో రెండుసార్లు అతికించాం, నిలవడం లేదు. ఈ సంక్రాంతికి విజయవాడ వైపు వెళ్లేవాళ్లెవరైనా ఇంకొకటి తెచ్చిపెడితే డబ్బు సంఘం ఇస్తుంది. చేతి సంచిలో పెట్టుకుని రండి, సూట్‌కేసులో వేయకండి.